కీమో జరుగుతుండగా కషాయం తాగవచ్చా? మొక్కల ఫ్లేవనాయిడ్లు మందులతో కలిస్తే జరిగేది

సంక్షిప్తంగా: కూరల్లో, పండ్లలో సహజంగా ఉండే ఫ్లేవనాయిడ్లు మామూలు భోజనం మోతాదులో ఎక్కువమందికి ఇబ్బంది కలిగించవు. అవే పొడులుగా, క్యాప్సూల్స్‌గా, చిక్కటి కషాయాలుగా శరీరంలోకి వెళ్తే కొన్ని మందుల మోతాదును పెంచుతాయి, కొన్నింటిని తగ్గిస్తాయి, ఒకటి రెండింటిని ఏకంగా పనిచేయనివ్వవు. పంపర పనస లాంటి ఒకటి రెండు పండ్ల విషయంలో మాత్రం మామూలుగా తిన్నా జాగ్రత్త అవసరం.

తూర్పు గోదావరి జిల్లా బిక్కవోలు మండలం బలభద్రపురంలో క్యాన్సర్ కేసులు ఎక్కువగా ఉన్నాయన్న ఆందోళన 2025 మార్చిలో అసెంబ్లీ దాకా వెళ్లింది. వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేశాయి. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఆసుపత్రుల గురించి ఎంత మాట్లాడుకుంటారో పెరటి మందుల గురించీ అంతే మాట్లాడుకుంటారు. డెల్టాలో పెరటికి కొదవ లేదు. మునగ, కరివేపాకు, తులసి, నేల ఉసిరి, పంపర పనస, గట్టు పక్కన బిళ్ళగన్నేరు అన్నీ చేతికి అందేంత దూరంలోనే ఉంటాయి. కడియం వైపు నర్సరీల్లో లక్ష్మణఫలం మొక్క అడిగి మరీ కొనుక్కునేవాళ్లున్నారు.

ఈ మొక్కల్లో గుణం లేదని సైన్స్ అనదు. గుణం ఉంది కాబట్టే చిక్కు వస్తోంది. శరీరంలో ఏ ప్రభావమూ చూపని పదార్థమైతే మందుతో కలిసినా ఏమీ కాదు. ప్రభావం చూపేదైతే మరో మందు పనిలోనూ వేలు పెడుతుంది. అందుకే "సహజమైనది కదా, ఏం చేస్తుంది" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

ఫ్లేవనాయిడ్లు ఎక్కడెక్కడ ఉంటాయి

మొక్కలు ఎండ నుంచి, పురుగు నుంచి, తెగులు నుంచి తమను తాము కాపాడుకోవడానికి తయారు చేసుకునే పదార్థాల్లో ఇదొక పెద్ద కుటుంబం. ఉల్లిపాయలోని క్వెర్సెటిన్, మునగాకులోని క్వెర్సెటిన్, కెంఫెరాల్, గ్రీన్ టీలోని కాటెకిన్లు, సోయాలోని జెనిస్టీన్, నేరేడు పండుకు ఊదా రంగునిచ్చే ఆంథోసయనిన్లు, పుల్లటి పండ్లలోని నారింజిన్, హెస్పెరిడిన్ ఈ కుటుంబానివే. పసుపులోని కర్కుమిన్ దీనికి దగ్గరి బంధువే కానీ ఫ్లేవనాయిడ్ కాదు. లక్ష్మణఫలంలో క్యాన్సర్ కణాల మీద పనిచేస్తాయని చెప్పే ఎసిటోజెనిన్లు కూడా కావు. ఆ ఎసిటోజెనిన్లలో ఒకటైన అన్నోనాసిన్ మెదడు కణాలకు హాని చేయగలదు. కరేబియన్ దీవి గ్వాడెలూప్‌లో పార్కిన్సన్స్‌ను పోలిన జబ్బుకూ, ఈ పండును, దాని ఆకుల టీని ఎక్కువగా వాడటానికీ సంబంధం ఉండవచ్చని 1999లోనే పరిశోధకులు గుర్తించారు. క్యాన్సర్‌కు మందని లక్ష్మణఫలం ఆకులు రోజూ మరిగించుకుని తాగేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదు.

పేగు గోడ దగ్గరే సగం కథ

మింగిన మాత్ర అంతా రక్తంలోకి చేరదు. పేగు గోడ కణాల్లో, ఆ తర్వాత కాలేయంలో సీవైపీ 3ఏ4 అనే ఎంజైమ్ ఉంటుంది. వాడుకలో ఉన్న మందుల్లో పెద్ద భాగాన్ని విరిచేసేది ఇదే. దీనికి తోడు అదే గోడలో పీ-గ్లైకోప్రోటీన్ అనే ప్రోటీన్, లోపలికి వచ్చిన మందును మళ్లీ పేగులోకి తోసేస్తుంటుంది. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరంతా శివారు ఆయకట్టుకు చేరదన్నది డెల్టా రైతుకు తెలిసిందే. దారిలో పోయేదాన్ని లెక్కలో వేసుకునే పైన వదులుతారు. మాత్ర మీద రాసిన మిల్లీగ్రాములు కూడా అలా లెక్క కట్టినవే. దారిలో పోయేది ఒక్కసారిగా ఆగిపోతే శివారు చేను మునుగుతుంది.

ఇది మొదట బయటపడింది కెనడాలో, అనుకోకుండా. డేవిడ్ బెయిలీ బృందం ఫెలోడిపిన్ అనే బీపీ మాత్రకు, ఆల్కహాల్‌కు మధ్య సంబంధాన్ని పరీక్షిస్తూ, ఆల్కహాల్ రుచి తెలియకుండా ఉండటానికి గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చింది. రక్తంలో మందు అనుకున్నదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. తప్పు ఆల్కహాల్‌ది కాదని, రసానిదని తేలింది. 1989లో మొదటి వివరాలు, 1991లో మరింత స్పష్టమైన ఫలితాలు వచ్చాయి. సగటున దాదాపు మూడు రెట్లు పెరుగుదల. 2013 నాటికి గ్రేప్‌ఫ్రూట్‌తో ఇబ్బంది రాగల మందులు 85కు పైగా ఉన్నాయని బెయిలీ బృందమే లెక్క తేల్చింది.

మొదట అనుమానం నారింజిన్ అనే ఫ్లేవనాయిడ్ మీద పడింది. ఆ పండులో దండిగా ఉండేది అదే మరి. కానీ నారింజిన్‌ను విడిగా ఇచ్చి చూస్తే అంత ప్రభావం రాలేదు. అసలు పని బెర్గామోటిన్ వంటి ఫ్యూరానోకూమరిన్లది. ఇవి ఫ్లేవనాయిడ్లు కావు, అదే పండులో వాటి పక్కన ఉండేవి. ఒక మొక్కను "ఫ్లేవనాయిడ్లు ఉన్నాయి కాబట్టి మంచిది" అనో "చెడ్డది" అనో ఒక్క మాటలో తేల్చేయడం ఎందుకు కుదరదో దీన్నిబట్టి అర్థమవుతుంది. పండులో వందల పదార్థాలుంటాయి. ఏది ఏ ఎంజైమ్‌ను పట్టుకుంటుందో పరీక్షిస్తేనే తెలుస్తుంది.

పంపర పనస సంగతి

గ్రేప్‌ఫ్రూట్ మన సంతల్లో దొరకదు. కానీ దాని తల్లిదండ్రుల్లో ఒకటి మన పెరట్లోనే ఉంది. పంపర పనస, తీపి నారింజ జాతి కలిసి కరేబియన్ దీవుల్లో పుట్టిన సంకరమే గ్రేప్‌ఫ్రూట్. ఆ ఫ్యూరానోకూమరిన్లు పంపర పనస వైపు నుంచి వచ్చినవే. పంపర పనస వలిచేటప్పుడు తొన మీది తెల్లటి పొర సరిగ్గా రాకపోతే నాలుకకు తగిలే చేదు నారింజిన్‌ది. బెర్గామోటిన్‌కు అలా గుర్తుపట్టే రుచి ఏమీ ఉండదు, కాబట్టి తియ్యటి పండైతే ఫర్వాలేదన్న లెక్క ఇక్కడ చెల్లదు. కిడ్నీ మార్పిడి తర్వాత టాక్రోలిమస్ వాడుతున్న ఒక రోగి పంపర పనస తిన్నాక రక్తంలో ఆ మందు స్థాయి పెరిగిన సంఘటన వైద్య పత్రికల్లో నమోదైంది.

క్యాన్సర్‌కు ఇది ఎక్కడ తగులుతుందంటే, నోటితో మింగే కొత్త తరం మాత్రల దగ్గర. రక్త క్యాన్సర్‌కు ఇచ్చే ఇమాటినిబ్, నిలోటినిబ్, ఇబ్రుటినిబ్, ఒక రకం రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే లపాటినిబ్ అన్నీ సీవైపీ 3ఏ4 మీదుగా విరిగేవే. వీటి పెట్టెలో వచ్చే కరపత్రాలు గ్రేప్‌ఫ్రూట్ వద్దని హెచ్చరిస్తాయి. నిలోటినిబ్‌తో గ్రేప్‌ఫ్రూట్ రసం తాగినప్పుడు ఒంటికి అందే మందు 29 శాతం పెరిగినట్టు పరీక్షలో తేలింది. ఆ మందు మోతాదు మించితే గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి 29 శాతం చిన్న అంకె కాదు. కరపత్రంలో మన పండు పేరు ఉండదు. చదివినవాళ్లు అది తమ ఊళ్లో దొరకని ఏదో విదేశీ పండు అనుకుని పక్కన పెడతారు. మందుల షాపులోనైనా, కీమో వార్డులోనైనా "పంపర పనస తినకండి" అని ఒక్క మాట నోటితో చెబితే ఈ ఖాళీ పూడిపోతుంది.

"మాత్ర పొద్దున, పండు సాయంత్రం" అనే సర్దుబాటు కూడా ఈ పండు విషయంలో పనిచేయదు. బెర్గామోటిన్ ఎంజైమ్‌ను తాత్కాలికంగా ఆపదు, శాశ్వతంగా పాడుచేస్తుంది. పేగు కణాలు కొత్త ఎంజైమ్ తయారు చేసుకునేదాకా, అంటే ఒకటి నుంచి మూడు రోజుల దాకా ప్రభావం ఉంటుంది. బత్తాయిలో, కమలాలో ఈ పదార్థాలు చాలా తక్కువ. అన్నంలోకి పిండుకునే నిమ్మచెక్కతో వచ్చే మోతాదూ చిన్నదే. కాబట్టి పుల్లటి పండ్లన్నింటినీ ఒకే గాటన కట్టి రోగి నోరు కట్టేయనక్కర్లేదు.

మందు తగ్గిపోయే దారి

పైది మందు పెరిగే దారి. దీనికి తిరగబడినదీ ఉంది, ఇక్కడ మాత్రం దోషం ఫ్లేవనాయిడ్లదే. కొన్ని మందులు పేగులోంచి రక్తంలోకి తమంతట తాము వెళ్లలేవు. వాటిని లోపలికి చేరవేసే ఓఏటీపీ అనే రవాణా ప్రోటీన్లు ఉంటాయి. నారింజిన్, హెస్పెరిడిన్, గ్రీన్ టీ కాటెకిన్లు వీటికి అడ్డుపడతాయి. అలర్జీకి వాడే ఫెక్సోఫెనడిన్ మాత్రను పండ్ల రసంతో వేసుకుంటే ఒంటికి పట్టేది బాగా తగ్గిపోతుంది. జపాన్‌లో 2014లో వచ్చిన అధ్యయనంలో రెండు వారాలు రోజుకు 700 మిల్లీలీటర్ల గ్రీన్ టీ తాగిన ఆరోగ్యవంతుల రక్తంలో నాడోలాల్ అనే బీపీ మందు 85 శాతం తగ్గిపోయింది. మాత్ర వేసుకుంటున్నా వేసుకోనట్టే లెక్క. ఈ అడ్డు మాత్రం కొన్ని గంటలు దాటితే చాలావరకు తొలగిపోతుంది కాబట్టి, మాత్ర మంచినీళ్లతోనే వేసుకోవాలన్న పాత సలహాకు ఇక్కడ గట్టి ఆధారం ఉంది.

క్యాన్సర్ మందునే పట్టుకుంటే

బోర్టెజోమిబ్ ఉదాహరణ అన్నింటికన్నా స్పష్టమైనది. ఎముక మజ్జలో వచ్చే మల్టిపుల్ మైలోమాకు ఇచ్చే ఇంజెక్షన్ ఇది. దాని అణువులో బోరాన్ ఉంటుంది, క్యాన్సర్ కణంలోని లక్ష్యాన్ని పట్టుకునేది ఆ బోరానే. గ్రీన్ టీలోని ఈజీసీజీ అనే కాటెకిన్‌లోనూ, క్వెర్సెటిన్‌లోనూ పక్కపక్కన హైడ్రాక్సిల్ జంటలు ఉంటాయి. బోరాన్‌కు అవి దొరికితే నేరుగా వాటికే అతుక్కుంటుంది. ఇక క్యాన్సర్ కణాన్ని పట్టుకునే చెయ్యి ఖాళీగా లేనట్టే. క్వెర్సెటిన్ ఇలా అడ్డుపడుతుందని 2008లో, ఈజీసీజీ విషయం 2009లో వెలువడ్డాయి. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు గ్రీన్ టీ సారం ఈ మందు బలాన్ని పెంచుతుందేమోనన్న ఆశతోనే పని మొదలుపెట్టారు. బలం పెరగడం ఏమోగానీ, మందు పనిచేయడమే ఆగిపోయింది.

ఇది ఆలోచించాల్సిన విషయం. రోగికి ఒంట్లో తేలిగ్గా అనిపిస్తే "కషాయం పనిచేస్తోంది, నీరసం తగ్గింది" అనుకుంటారు. బోర్టెజోమిబ్ లాంటి సందర్భంలో తేలిగ్గా ఉండటానికి కారణం మందు నిర్వీర్యం కావడమే కావచ్చు. తర్వాత 2011లో ఎలుకల్లో చేసిన మరో అధ్యయనం, మామూలుగా రక్తంలోకి చేరగల ఈజీసీజీ స్థాయిల్లో ఈ అడ్డు కనిపించలేదని చెప్పింది. అంటే కప్పు టీకి, సారం క్యాప్సూల్‌కు మధ్య తేడా చాలా ఉంది. మన పాల టీ సంగతి ఇంకా తేలిక. టీ ఆకు నల్లబడేటప్పుడే కాటెకిన్లు చాలావరకు వేరే పదార్థాలుగా మారిపోతాయి.

టామోక్సిఫెన్, సోయా, పసుపు

హార్మోన్ల మీద ఆధారపడి పెరిగే రొమ్ము క్యాన్సర్‌కు ఏళ్ల తరబడి వాడే మాత్ర టామోక్సిఫెన్. ఈస్ట్రోజెన్ కూర్చోవాల్సిన చోట ఇది కూర్చుంటుంది. సోయాలోని జెనిస్టీన్ ఆకారంలో ఈస్ట్రోజెన్‌ను పోలి ఉంటుంది కాబట్టి అదే చోటుకు పోటీ పడుతుంది. 2002లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో జెనిస్టీన్ టామోక్సిఫెన్ ఫలితాన్ని దెబ్బతీసింది. కమలా జాతి తొక్కల్లో ఉండే టాంజెరెటిన్ కూడా ఎలుకల్లో అదే పని చేసిందని 1999లోనే తేలింది.

మనుషుల దగ్గరకొచ్చేసరికి చిత్రం మారింది. చైనాలోని షాంఘైలో ఐదు వేలకు పైగా రొమ్ము క్యాన్సర్ బాధితులను అనుసరించిన అధ్యయనం 2009లో వచ్చింది. సోయా ఆహారం ఎక్కువగా తినేవాళ్లలో జబ్బు తిరగబెట్టడం, మరణాలు తక్కువగానే ఉన్నాయి, టామోక్సిఫెన్ వాడేవాళ్లలోనూ. అక్కడి వాళ్లు తిన్నది టోఫు, సోయా పాలు. ఎలుకలకు పెట్టినది శుద్ధి చేసిన జెనిస్టీన్. కూరలో మీల్ మేకర్ వేసుకున్నందుకు భయపడనక్కర్లేదు, జెనిస్టీన్ లాంటి ఐసోఫ్లేవోన్ల గోలీలు మాత్రం వేరే సంగతి.

పసుపుదీ ఇదే కథ. టామోక్సిఫెన్ శరీరంలో ఎండాక్సిఫెన్‌గా మారితేనే గట్టిగా పనిచేస్తుంది. నెదర్లాండ్స్‌లో 2019లో 16 మంది టామోక్సిఫెన్ వాడుతున్న మహిళలకు కర్కుమిన్‌తో పాటు మిరియాల్లోని పైపెరిన్ ఇచ్చి చూస్తే ఎండాక్సిఫెన్ సుమారు 12 శాతం తగ్గింది. వాళ్లకు ఇచ్చిన కర్కుమిన్ రోజుకు 3.6 గ్రాములు. పసుపులో కర్కుమిన్ 3 శాతం అనుకుంటే, అంత రావాలంటే రోజుకు 120 గ్రాముల పసుపు తినాలి. పులుసులో చిటికెడు వేసే ఇల్లాలికి ఈ లెక్కతో పని లేదు. "నొప్పులకు మంచిది" అని కర్కుమిన్, మిరియం సారం కలిపిన క్యాప్సూల్ కొనే రోగికి మాత్రం ఉంది. అందులో మిరియం సారం కలపడానికి కారణమే ఒంటికి పట్టే కర్కుమిన్‌ను పెంచడం. బెంగళూరులో 1998లో జరిగిన పరిశోధన ఈ పెరుగుదల ఇరవై రెట్లని చూపింది. పైపెరిన్ ఆ పని చేసేది మందులను విరిచే, తోసేసే వ్యవస్థలకు అడ్డుపడే. ఆ వ్యవస్థలకు కర్కుమిన్ ఏదో, కీమో మాత్ర ఏదో తేడా తెలియదు.

యాంటీ ఆక్సిడెంట్ల వాదన

ఫ్లేవనాయిడ్ల గురించి ఎక్కువగా వినిపించే పొగడ్త, ఇవి యాంటీ ఆక్సిడెంట్లు అని. రేడియేషన్‌తో పాటు కొన్ని కీమో మందులు క్యాన్సర్ కణాన్ని చంపేది ఆక్సీకరణ దెబ్బతోనే. ఆ దెబ్బ నుంచి మంచి కణాన్ని కాపాడే పదార్థం చెడ్డ కణాన్నీ కాపాడవచ్చు. కెనడాలో తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవాళ్లకు విటమిన్ ఈ, బీటా కెరోటిన్ ఇచ్చి చూసిన ఫలితాలు 2005లో వచ్చాయి. నోటి పుండ్ల వంటి బాధలు తగ్గాయి కానీ, జబ్బు తిరగబెట్టడం ఎక్కువైన సూచనలు కనిపించాయి. అవి ఫ్లేవనాయిడ్లు కావు, నిజమే. అయినా చికిత్స సాగుతున్న వారాల్లో యాంటీ ఆక్సిడెంట్ సప్లిమెంట్లు వద్దని క్యాన్సర్ వైద్యులు అనడానికి ఇలాంటి అనుభవాలే ఆధారం. పళ్లెంలోని ఆకుకూరకు ఈ నిషేధం వర్తించదు.

ప్రయోగశాల గాజు పళ్లెం వేరు, మనిషి వేరు

"ఫలానా ఆకు క్యాన్సర్ కణాలను చంపుతుందని శాస్త్రవేత్తలు నిరూపించారు" అనే వాట్సాప్ సందేశాల్లో అబద్ధం తక్కువే. చెప్పకుండా వదిలేసేదే ఎక్కువ. గాజు పళ్లెంలో కణాల మీద పోసే మోతాదు, తిన్న తర్వాత రక్తంలోకి చేరే మోతాదుకు సాధారణంగా పదుల రెట్లు ఎక్కువ. పేగు, కాలేయం ఫ్లేవనాయిడ్‌ను వెంటనే మార్చేసి మూత్రంలోకి పంపే ఏర్పాటు చేస్తాయి. ఆ అడ్డంకి లేకుండా చూద్దామని బ్రిటన్‌లో క్వెర్సెటిన్‌ను నేరుగా నరంలోకి ఎక్కించి పరీక్షించారు. 1996లో వచ్చిన ఆ ఫలితాల్లో మోతాదు పెంచేకొద్దీ కిడ్నీలు దెబ్బతిన్నాయి.

హాని విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. మునగాకు సారం మందులను విరిచే ఎంజైమ్‌లకు అడ్డుపడుతుందని ప్రయోగశాలలో కనిపించింది. జింబాబ్వేలో నెవిరపిన్ అనే హెచ్ఐవీ మందు వాడుతున్నవాళ్లకు మునగాకు పొడి ఇచ్చి రక్తం పరీక్షిస్తే, చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. 2017 నాటి ఈ ఫలితం ఒక్క మందుకే వర్తిస్తుంది. అయినా మునగాకు పప్పు తినే రోగిని అనవసరంగా బెదరగొట్టకూడదనడానికి ఇది చాలు.

మొక్కలోంచి నిజంగా మందు పుట్టిన దారి వేరు. గట్ల మీద పూసే బిళ్ళగన్నేరులోంచే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ వచ్చాయి. రెండూ ఆల్కలాయిడ్లే, ఫ్లేవనాయిడ్లు కావు. పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్‌కు విన్‌క్రిస్టిన్ ఈనాటికీ ముఖ్యమైన మందు. అవి ఆకులో ఉండేది అతి కొద్దిగా, అదీ ఆకును బట్టి మారుతూ. ఆసుపత్రిలో మోతాదును ఒంటి కొలతను బట్టి మిల్లీగ్రాముల్లో లెక్కకట్టి నరంలోకే ఇస్తారు, కాస్త మించినా నరాలు దెబ్బతింటాయి. ఆకు నమిలే మనిషికి చికిత్సకు సరిపడా మందు అందదు, విషం మాత్రం అందవచ్చు. మన అడవి చెట్టు ఒకదానిలోని రోహిటుకిన్ ఆధారంగా ముంబైలో మొదలైన ఫ్లేవోపిరిడాల్ అనే ఫ్లేవనాయిడ్ తరహా అణువు దశాబ్దాల పాటు పరీక్షల్లో నలిగింది. ఆశ ఉన్న అణువుకు కూడా దారి అంత పొడవు.

కాలేయ పరీక్ష రోజు

కాకినాడకో, రాజమండ్రికో, విశాఖకో కీమోకు వెళ్లే రోగి చేతిలో ఫైలు ఉంటుంది, రక్త పరీక్షల కాగితాలు ఉంటాయి. ఇంట్లో తాగుతున్న కషాయం సంగతి ఆ ఫైల్లో ఉండదు. డాక్టర్ తిడతారేమోనని చెప్పరు. అది మందు కిందకు రాదనుకుని కొందరు చెప్పరు. నాలుగు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసుకు మరిగేదాకా ఉంచిన కషాయం చిక్కదనంలో కూరకు చాలా దూరం జరిగి, సప్లిమెంట్ వైపు వెళ్లిపోతుంది. అందులో ఐదారు రకాల ఆకులుంటే ఏది ఏం చేసిందో విడదీయడం ఎవరికీ సాధ్యం కాదు.

తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్న వివరాలను ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. దాన్ని ఆయుష్ శాఖ అంగీకరించలేదు. ఆ వాదన ఎలా తేలినా, కీమో రోగికి తగిలేది మరో వైపు నుంచి. చాలా కీమో మందులు కాలేయంలోనే విరుగుతాయి. వాటిలో కొన్ని కాలేయాన్ని నొప్పిస్తాయి కూడా. కీమో సైకిల్‌కు, అంటే ఒక్కో విడతకు ముందు చేసిన పరీక్షలో కాలేయ ఎంజైమ్‌లు పెరిగి కనిపిస్తే డాక్టర్ ముందుండే మొదటి అనుమానం కీమో మందే. అప్పుడు ఆయన సైకిల్ వాయిదా వేస్తారు, లేదా మోతాదు తగ్గిస్తారు. కారణం కషాయమైతే, రోగి కోల్పోయింది తన అసలు మందును. పొడి డబ్బాను, క్యాప్సూల్ సీసాను, ఆకుల పేర్లు రాసిన చీటీని ఫైలుతో పాటు తీసుకెళ్లి, రక్తం ఇవ్వడానికి ముందే డాక్టర్‌కో నర్సుకో చూపిస్తే, ఆ కాగితంలోని అంకెలను ఏ కారణం కింద చదవాలో వాళ్లకు తెలుస్తుంది.